పౌడర్ కోటింగ్ ఓవెన్‌లో పవర్ పోయిన నియోడిమియం మ్యాగ్నెట్లు, మళ్ళీ ఛార్జ్ అవుతాయా?

ఇనుపరజను
పనిముట్లు తగిలించుకోడానికి స్టీల్ పట్టీ ఒకటి చేసుకున్నా. వెనక గాడిలో నియోడిమియం బిళ్ళలు ఎపాక్సీతో అంటించి ఉన్నాయి. ఎన్52 గ్రేడ్, 25 మి.మీ. వ్యాసం, 5 మి.మీ. మందం. మిగతా బ్రాకెట్లకి పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి ఓవెన్‌లో కాల్చడం) వేయించాలని ఇస్తూ, మ్యాగ్నెట్లున్న పట్టీని మాత్రం పక్కన పెట్టండని చెప్పి మరీ ఇచ్చా. వాళ్ళు అన్నీ కలిపి ఓవెన్‌లో తోసేశారు. ఇంతకుముందు పెద్ద సుత్తిని కూడా పట్టుకుని వదిలేది కాదు, ఇప్పుడు స్క్రూడ్రైవర్ పెట్టినా జారిపోతోంది. అదేంటని అడిగితే "రంగు బాగా పట్టింది కదా సార్" అన్నారు.

ఇంకో మ్యాగ్నెట్‌తో రుద్దితే వస్తుందా? లేక కాయిల్ చుట్టి బ్యాటరీ ఇవ్వాలా? దయచేసి కొత్తవి కొనుక్కో అని చెప్పకండి. ఎందుకు పోయింది, తిరిగి వస్తుందా అన్నదే నా ప్రశ్న.

తుప్పు
కొత్తవి కొనుక్కో.

బడి_ఫిజిక్స్
స్పర్శా పద్ధతి ఉంది కదా. బలమైన మ్యాగ్నెట్ ఒక ధ్రువాన్ని ఒకే దిశలో, ఒక చివర నుంచి ఇంకో చివరకి రుద్దుతూ పోవాలి. తిరిగి తెచ్చేటప్పుడు పైకెత్తి తేవాలి. కుట్టుసూది దీంతోనే దిక్సూచి అవుతుంది. నియోడిమియానికి ఎందుకు కాదు? కాస్త ఎక్కువసేపు రుద్దాలేమో.

కాయిల్‌మాస్టర్
@బడి_ఫిజిక్స్ ఎంతసేపు రుద్దామన్నది లెక్కలోకి రాదు సార్. ఎంత ఫీల్డ్ పడింది అన్నదే లెక్క. గట్టిపరిచిన ఉక్కు సూదికి అయస్కాంతత్వం ఎక్కించడానికి 0.005 టెస్లా (ఫీల్డ్ బలాన్ని కొలిచే యూనిట్) ప్రాంతంలో చాలు. ఎన్52 కోయర్సివిటీ, అంటే దాని అయస్కాంతత్వాన్ని దింపడానికి కావాల్సిన ఎదురు ఫీల్డ్, మామూలు గది వేడి దగ్గరే సుమారు 1.1 టెస్లాకి సమానం. పూర్తిగా ఛార్జ్ అవ్వాలంటే 2.5 నుంచి 3 టెస్లా దాకా ఇవ్వాలి. మీరు రుద్దే మ్యాగ్నెట్ ముఖం దగ్గర అర టెస్లా ఉంటే అదే గొప్ప. జీవితాంతం రుద్దినా అర టెస్లా అర టెస్లాయే.

అంత మొండిది కాబట్టే అది మంచి మ్యాగ్నెట్ అయింది. సులువుగా ఎక్కేది సులువుగానే దిగుతుంది.

ఇనుపరజను
మరి అంత మొండిదైతే ఓవెన్‌లో ఎందుకు లొంగింది? ఎవరూ ఎదురు ఫీల్డ్ పెట్టలేదు కదా.

కాయిల్‌మాస్టర్
దాని ఫీల్డే దానికి ఎదురు. పల్చటి బిళ్ళ కదా, రెండు ముఖాలూ దగ్గరదగ్గరగా ఉంటాయి. ఉత్తర ముఖం నుంచి దక్షిణ ముఖానికి వెళ్ళే ఫీల్డ్ కొంత బిళ్ళ లోపలి నుంచే, అయస్కాంతత్వానికి వ్యతిరేకంగా పోతుంది. బిళ్ళ ఎంత పల్చగా ఉంటే ఈ వ్యతిరేకత అంత ఎక్కువ. పొడుగాటి కడ్డీ ఆకారంలో ఉంటే ఈ బాధ తక్కువ.

చల్లగా ఉన్నంతసేపు ఇది ఏమీ చెయ్యలేదు. కానీ వేడి పెరిగేకొద్దీ నియోడిమియం కోయర్సివిటీ డిగ్రీకి దాదాపు 0.6 శాతం చొప్పున తగ్గుతూ పోతుంది. పౌడర్ కోటింగ్ ఓవెన్ 180 నుంచి 200 డిగ్రీలు. అక్కడికి వచ్చేసరికి ఎన్52కి మిగిలేది నామమాత్రం. సొంత ఫీల్డే లోపలి రేణువులు చాలావాటిని తిరగేసింది. మామూలు ఎన్ గ్రేడ్లకి పైపరిమితి 80 డిగ్రీలని రాస్తారు, పల్చటి బిళ్ళలైతే అంతకన్నా ముందే కొంత పోగొట్టుకుంటాయి.

అర్ధరాత్రి_సోల్డర్
3 టెస్లా కావాలా? ఎమ్మారై మెషీన్లో పెట్టి తీసెయ్ అన్నా. ఖాళీగానే ఉంటుంది కదా రాత్రిపూట 😄

మోటార్‌వైండర్
@అర్ధరాత్రి_సోల్డర్ జోకే అని తెలుసు గానీ, చదివి నిజంగా జేబులో వేసుకుని వెళ్ళేవాడు ఒకడుంటాడు. ఆ గదిలోకి మ్యాగ్నెట్ గానీ ఇనుప ముక్క గానీ వెళ్తే చేతిలో ఆగదు, బుల్లెట్‌లా పోయి మెషీన్ సొరంగానికి కొట్టుకుంటుంది. మధ్యలో మనిషి ఉంటే పోతాడు. దాన్ని ఊడదీయాలంటే హీలియం వదిలేసి మెషీన్ ఫీల్డ్‌ని ఆపేయాల్సి రావచ్చు. ఈ దారి గురించి సరదాకి కూడా వద్దు.

ఇనుపరజను
సరే, కాయిల్ సంగతి చెప్పండి. 12 వోల్టుల బ్యాటరీ ఉంది, పాత ట్రాన్స్‌ఫార్మర్ విప్పిన రాగితీగ ఉంది.

కాయిల్‌మాస్టర్
లెక్క వేద్దాం. 50 మి.మీ. పొడవు కాయిల్, 1000 చుట్లు, 3 ఆంపియర్లు. లోపల వచ్చేది 0.075 టెస్లా. మనకి కావాల్సిన దాంట్లో నలభయ్యో వంతు. కరెంటు నలభై రెట్లు పెంచుదామంటే వేడి 1600 రెట్లు అవుతుంది. తీగ ముందు ఎర్రబడి తర్వాత కరిగిపోతుంది.

అర్ధరాత్రి_సోల్డర్
కాయిల్ మధ్యలో ఇనుప కోర్ పెడితే ఫీల్డ్ వందల రెట్లు పెరుగుతుంది కదా? నట్టు బోల్టు దొరక్కపోతుందా.

కాయిల్‌మాస్టర్
2.1 టెస్లా దగ్గర ఇనుమే చేతులెత్తేస్తుంది. తర్వాత అది ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. పైగా మ్యాగ్నెట్ పెట్టడానికి గ్యాప్ ఉండాలి, అక్కడ ఇంకా తగ్గుతుంది. అల్నికో, ఫెర్రైట్ మ్యాగ్నెట్లకి ఇనుప కోర్ ఎలక్ట్రోమ్యాగ్నెట్ హాయిగా సరిపోతుంది. నియోడిమియాన్ని నిండుగా నింపడానికి చాలదు.

ఉత్తరధ్రువం
అందరూ "రుద్దితే ఏమీ రాదు" అని తేల్చేస్తున్నారు, నేను ఒప్పుకోను. పూర్తిగా చచ్చిన నియోడిమియం ముక్కని రెండు పెద్ద బ్లాకుల మధ్య ఇరికించి పెడితే కొంత ప్రాణం వచ్చింది, నా చేత్తో చూశాను. పాత మోటార్ తగలబడినప్పుడు రోటర్ మ్యాగ్నెట్లు ఊడివచ్చాయి, నల్లగా మాడి ఉన్నాయి, పేపర్ క్లిప్‌ని కూడా లాగడం లేదు. బ్లాకుల మధ్యనుంచి తీశాక గుప్పెడు మేకులు ఎత్తింది. మరి దీనికేం చెప్తారు?

కాయిల్‌మాస్టర్
అది మాడిన ముక్క. ఎంత వేడి చూసిందో?

ఉత్తరధ్రువం
ఇన్సులేషన్ బూడిదైంది, సోల్డర్ కారిపోయింది. మీరే ఊహించుకోండి.

బడి_ఫిజిక్స్
ఇక్కడే అసలు విషయం ఉంది, నేను కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

నియోడిమియం-ఇనుము-బోరాన్ మిశ్రమానికి క్యూరీ ఉష్ణోగ్రత సుమారు 310 డిగ్రీలు. అది దాటితే అయస్కాంతత్వం పూర్తిగా చెరిగిపోతుంది. చల్లారేటప్పుడు ఒక్కో రేణువులోనూ అటూ ఇటూ చూసే డొమైన్లు (ఒకే దిశలో అయస్కాంతత్వం ఉన్న చిన్న ప్రాంతాలు) ఏర్పడతాయి, మొత్తం కూడితే సున్నా. ఈ స్థితిలో డొమైన్ గోడలు రేణువు లోపల స్వేచ్ఛగా జరుగుతాయి. అందుకే తక్కువ ఫీల్డ్‌కే స్పందన మొదలవుతుంది. ఉత్తరధ్రువం గారి మాడిన ముక్క మేకులు ఎత్తింది అంటే ఆశ్చర్యం లేదు.

ఇనుపరజను గారి బిళ్ళల కథ వేరు. 200 డిగ్రీలంటే క్యూరీ కన్నా చాలా తక్కువ. అక్కడ రేణువులు చెరిగిపోలేదు, చాలావరకు తిరగబడ్డాయి. చల్లారాక వాటి మొండితనం వాటికి తిరిగొచ్చేసింది, ఇప్పుడు తప్పు దిశలో గట్టిగా కూర్చున్నాయి. వాటిని మళ్ళీ లేపాలంటే పూర్తి కోయర్సివిటీని దాటాలి. అంటే ఎక్కువ వేడి తిన్నదానికన్నా తక్కువ వేడి తిన్నదాన్ని దారికి తేవడం కష్టం.

సమేరియం-కోబాల్ట్ అనే ఇంకో బలమైన మ్యాగ్నెట్‌లో 2:17 రకం అయితే ఈ వెసులుబాటు కూడా ఉండదు. అందులో డొమైన్ గోడలు అడుగడుగునా ఇరుక్కుపోతాయి, మొదటి నుంచీ పెద్ద ఫీల్డే కావాలి.

కాయిల్‌మాస్టర్
ఇది ఒప్పుకుంటా. కానీ ఉత్తరధ్రువం గారూ, మీ ముక్క నిండలేదు. సగం నిండిన మ్యాగ్నెట్‌కి కోయర్సివిటీ కూడా తక్కువే. కొంచెం వేడి తగిలినా, ఎదురుగా ఇంకో మ్యాగ్నెట్ వచ్చినా మళ్ళీ దిగిపోతుంది.

ఉత్తరధ్రువం
దిగిపోతే మళ్ళీ ఇరికిస్తా, నాకేం నష్టం 😀 ఫ్రిజ్ మీద కాగితం పట్టుకుంటే చాలు.

తుప్పు
ఇంత చదివాక కూడా నా మాట మీదే ఉన్నా.

ఇనుపరజను
సరే, ఉత్తరధ్రువం గారి పద్ధతి చేసి చూశా. బిళ్ళని పట్టీ నుంచి ఊడదీసి, రెండు పెద్ద బ్లాకుల మధ్య పెట్టి, బయట నుంచి స్టీల్ క్లాంప్‌తో చుట్టూ దారి ఇచ్చా. ఫీల్డ్ కొలిచే హాల్ సెన్సార్‌తో ముఖం మధ్యలో కొలిస్తే ముందు 0.05 టెస్లా, తర్వాత 0.11. నా దగ్గరున్న కొత్త బిళ్ళ 0.27 చూపిస్తోంది. రెట్టింపు అయింది గానీ కొత్తదానికి సగం కూడా లేదు. బడి_ఫిజిక్స్ గారు చెప్పినట్టే ఉంది.

బడి_ఫిజిక్స్
0.27 సరిగ్గా ఉంది. ఆ కొలతల బిళ్ళకి ఎన్52 అయితే లెక్కలో కూడా అంతే వస్తుంది. మీ సెన్సార్‌ని నమ్మొచ్చు. ఫోన్లో ఉండే సెన్సార్‌తో మాత్రం ఎవరూ కొలవకండి, అది భూమి ఫీల్డ్ కొలవడానికి పెట్టింది. బలమైన మ్యాగ్నెట్ దగ్గరికి తెస్తే దిక్సూచి వంకర పోతుంది.

కొత్తచుట్ట
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. మ్యాగ్నెట్ కింద పడితే, సుత్తితో కొడితే పవర్ పోతుందని చిన్నప్పుడు చదివాం. నియోడిమియానికి కూడా అంతేనా?

కాయిల్‌మాస్టర్
పాత ఉక్కు మ్యాగ్నెట్లకి, కొంతవరకు అల్నికోకి వర్తించే మాట అది. గుర్రపునాడా మ్యాగ్నెట్ కాళ్ళ మధ్య ఇనుప ముక్క పెట్టి దాచడం కూడా వాటి కోసమే. నియోడిమియం కింద పడితే పవర్ పోదు, పెంకులుగా ఊడిపోతుంది. దానికా ఇనుప ముక్క అక్కర్లేదు.

మోటార్‌వైండర్
అసలు పద్ధతి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తా. ఫ్యాక్టరీలో నియోడిమియాన్ని ఛార్జ్ చేసేది కెపాసిటర్ డిశ్చార్జ్‌తో. పెద్ద కెపాసిటర్ల గుంపుని నింపి, థైరిస్టర్ (కరెంటుని ఒకే దిశలో వదిలే ఎలక్ట్రానిక్ స్విచ్) గుండా ఒక్కసారిగా పొట్టి కాయిల్‌లోకి వదులుతారు. మిల్లీసెకన్లలో అయిపోతుంది, అందుకే తీగ కరగదు.

ఇనుపరజను బిళ్ళకే లెక్క చూడండి. లోపలి వ్యాసం 30 మి.మీ., పొడవు 20 మి.మీ. ఉన్న కాయిల్ మధ్యలో 3 టెస్లా రావాలంటే సుమారు 86 వేల ఆంపియర్-చుట్లు కావాలి. 20 చుట్లు వేస్తే 4300 ఆంపియర్లు. ఆ క్షణంలో కాయిల్ లోపలి గోడ మీద పడే ఒత్తిడి వాతావరణ పీడనానికి 35 రెట్లు. ఉత్త తీగ చుట్టి టేపు వేస్తే పేలి విచ్చుకుంటుంది. మేం మందపాటి పట్టీ రాగి వాడి, మీద గ్లాస్ ఫైబర్ చుట్టి, ఎపాక్సీలో పోత పోస్తాం.

ఇంకో కిటుకు. కెపాసిటర్, కాయిల్ కలిస్తే కరెంటు ఊయలలా వెనక్కీ ముందుకీ ఊగుతుంది. వెనక్కి ఊగిన ఊపు ఇప్పుడే ఎక్కిన మ్యాగ్నెట్‌ని కొంత దింపేస్తుంది. అందుకని వెనకకి కరెంటు పోకుండా థైరిస్టర్ ఆపుతుంది, కెపాసిటర్ తిరగబడి నిండకుండా అడ్డంగా పెద్ద డయోడ్ వేస్తారు. వెనక్కి పోయే కరెంటుని ఆపని సెట్లు ఎన్నో చూశా, "ఎన్నిసార్లు కొట్టినా సగమే ఎక్కుతోంది" అంటూ తెస్తారు.

మ్యాగ్నెట్ సరిగ్గా కాయిల్ మధ్యలో ఉండాలి, జిగ్‌లో బిగించి ఉండాలి. కొంచెం పక్కకి ఉంటే తుపాకీ గుండే. మా దగ్గర ఒక ముక్క ఎదురుగా ఉన్న తలుపు చెక్కలో దిగబడి ఉంది, అలాగే వదిలేశాం, కొత్తగా చేరినవాళ్ళకి చూపించడానికి.

అర్ధరాత్రి_సోల్డర్
@మోటార్‌వైండర్ పాత కెమెరా ఫ్లాష్ కెపాసిటర్లు నా దగ్గర డబ్బా నిండా ఉన్నాయి. అవి కలిపితే?

మోటార్‌వైండర్
ఒక్కోటి 330 వోల్టులు, 100 మైక్రోఫారడ్లు అనుకుంటే అందులో ఉండేది 5.4 జూళ్ళు. పైన చెప్పిన కాయిల్ లోపల ఖాళీ స్థలంలో 3 టెస్లా నింపడానికే 50 జూళ్ళు కావాలి. బయటి ఫీల్డ్, తీగలో పోయే వేడి కలుపుకుంటే కొన్ని వందల నుంచి వెయ్యి జూళ్ళ దాకా పెట్టుకోవాలి. 450 వోల్టులు, 10,000 మైక్రోఫారడ్లు అంటే సుమారు వెయ్యి జూళ్ళు. ఆ డబ్బా పక్కన పెట్టెయ్ తమ్ముడూ. వెయ్యి జూళ్ళు ఛాతీ గుండా పోతే రెండో పోస్ట్ పెట్టవు. ఇలాంటివి చేసే వాళ్ళం కూడా ముందు డిశ్చార్జ్ రెసిస్టర్ బిగించి, మీటర్ సున్నా చూపించి, మీద షార్టింగ్ కడ్డీ పెట్టాకే చెయ్యి వేస్తాం.

అర్ధరాత్రి_సోల్డర్
సరే గురూ, డబ్బా మూసేశా.

తుప్పు
ఛార్జింగ్ గురించి ఇంత మాట్లాడారు, ముక్క బాగుందో లేదో చూశారా? నా పేరుకి తగ్గ ప్రశ్న ఇదొక్కటే. పవర్ పోవడం మూడు రకాలు. వేడిగా ఉన్నప్పుడు తగ్గి చల్లారాక దానంతట అదే వచ్చేది ఒకటి, డిగ్రీకి 0.12 శాతం లెక్కన. ఛార్జ్ చేస్తే వచ్చేది రెండోది, ఇప్పుడు మనం మాట్లాడుతున్నది. మూడోది ఎన్నటికీ రాదు, లోహమే పాడైపోవడం. నికెల్ పూత పొంగిందా, అంచు పెచ్చు లేచిందా, గోరుతో గీకితే బూడిదరంగు పొడి రాలుతోందా చూడు. రేణువుల మధ్య ఉండే నియోడిమియం ఎక్కువున్న పొర ముందు తుప్పు పడుతుంది, అది పోతే ముక్క లోపల్నుంచే విడిపోతుంది. అలాంటిదాన్ని 3 టెస్లాలో పెట్టినా ఖర్చు దండగ.

ఇనుపరజను
పూత అద్దంలా ఉంది. మీద రంగు మాత్రం పడింది, చాలా బాగా 😑

ఉత్తరధ్రువం
ఒక డౌటు. ఎలాగూ కొత్తగా ఛార్జ్ చేస్తున్నప్పుడు, ధ్రువాలు ముఖాల మీద కాకుండా అంచుల మీద వచ్చేలా అడ్డంగా చేయించొచ్చా?

బడి_ఫిజిక్స్
సింటర్డ్ రకం అయితే కుదరదు. పొడిగా ఉన్నప్పుడే ఫీల్డ్‌లో పెట్టి రేణువులన్నీ ఒకే దిశలో చూసేలా నొక్కి, తర్వాత వెయ్యి డిగ్రీల పైన కాల్చి గట్టిపరుస్తారు. ఆ దిశ పుట్టుకతోనే నిర్ణయమైపోతుంది. ఉత్తరం దక్షిణం అటూ ఇటూ మార్చుకోవచ్చు, అంతవరకే. 1983లో ఈ మ్యాగ్నెట్లని రెండు చోట్ల విడివిడిగా ప్రకటించారు. జపాన్లో సుమిటోమోలో మసాటో సగావా ఈ సింటరింగ్ దారి పట్టారు. అమెరికాలో జనరల్ మోటార్స్‌లో జాన్ క్రోట్ బృందం కరిగిన లోహాన్ని తిరిగే చక్రం మీద చిమ్మి పల్చటి రేకులుగా గడ్డకట్టించారు. ఆ రేకుల పొడిని ప్లాస్టిక్‌తో కలిపి చేసే బాండెడ్ మ్యాగ్నెట్లని ఏ దిశలోనైనా ఛార్జ్ చేయొచ్చు, కానీ బలం తక్కువ.

కొత్తచుట్ట
నా బ్రష్‌లెస్ మోటార్ ఈ మధ్య లోడ్ లేకుండా ఇదివరకటి కన్నా వేగంగా తిరుగుతోంది, బరువు పెడితే మాత్రం వేడెక్కిపోతోంది. బాగుపడిందేమో అనుకున్నా. ఈ థ్రెడ్ చదివాక భయమేస్తోంది.

మోటార్‌వైండర్
భయం సరైనదే. మ్యాగ్నెట్ బలం తగ్గితే బ్యాక్ ఈఎమ్‌ఎఫ్ (తిరిగే మోటార్ తనలో పుట్టించే ఎదురు వోల్టేజి) తగ్గుతుంది, అదే వోల్టేజికి వేగం పెరుగుతుంది, అదే టార్క్‌కి కరెంటు ఎక్కువ లాగుతుంది. ఆ కరెంటుకి ఇంకా వేడెక్కి మ్యాగ్నెట్ ఇంకా దిగుతుంది. డ్రిల్లింగ్ మెషీన్‌తో షాఫ్ట్‌ని తెలిసిన వేగంతో తిప్పి, రెండు తీగల మధ్య ఏసీ వోల్టేజి కొలువు. మోటార్ స్పెసిఫికేషన్లో చెప్పినదానికన్నా పదిశాతం తక్కువుంటే రోటర్ మార్చడమే. అన్ని ధ్రువాలూ ఉన్న రోటర్ని మళ్ళీ ఛార్జ్ చేయాలంటే దానికి ప్రత్యేకంగా ఫిక్స్చర్ ఉండాలి, అది మోటార్ చేసినవాళ్ళ దగ్గరే ఉంటుంది.

ఇనుపరజను
మ్యాగ్నెట్లు తయారుచేసే యూనిట్ వాళ్ళని అడిగితే ఛార్జ్ చేసి ఇస్తామన్నారు. పట్టీతో పాటే పంపనా, విడదీసి పంపనా?

మోటార్‌వైండర్
విడదీసి. పట్టీ స్టీల్ కదా, ఫీల్డ్ దానిలోంచి పక్కదారి పడుతుంది, పైగా ఆ పొడవు వాళ్ళ కాయిల్‌లో పట్టదు. ఎపాక్సీని హాట్ ఎయిర్‌తో నూట యాభై దాకా వేడి చేస్తే మెత్తబడుతుంది. ఎలాగూ చచ్చాయి కాబట్టి ఆ వేడికి కొత్తగా పోయేదేం లేదు. డ్రిల్‌తో మాత్రం పెకలించకు, ఆ రజను నిప్పంటుకుంటుంది. ప్రతి బిళ్ళ ఒక ముఖానికి మార్కర్‌తో చుక్క పెట్టు, అన్నీ ఒకే వైపు ఎక్కించమని చెప్పు. లేకపోతే పట్టీలో పెట్టేటప్పుడు తల బొప్పి కడుతుంది.

తుప్పు
చచ్చిన మ్యాగ్నెట్లు పార్శిల్ చేయడం తేలిక, అదొక్కటే లాభం. విమానంలో పంపితే, 2.1 మీటర్ల దూరంలో 0.002 గాస్ (టెస్లాలో పదివేలవ వంతు ఒక గాస్) దాటినవాటికి అయస్కాంత సరుకు కింద నిబంధనలు పెడతారు. వచ్చేటప్పుడే తలనొప్పి.

ఇనుపరజను
ఈసారి అదే సైజులో వేడి తట్టుకునే గ్రేడ్ తీసుకుంటే ఓవెన్‌కి ఇవ్వొచ్చా? ఎస్‌హెచ్, యూహెచ్ అని రాసి ఉంటాయి కదా.

కాయిల్‌మాస్టర్
ఎస్‌హెచ్ 150, యూహెచ్ 180, ఈహెచ్ 200 డిగ్రీలు. డిస్ప్రోసియమో టెర్బియమో లాంటి అరుదైన లోహం కలిపి కోయర్సివిటీ పెంచుతారు, దానికి బదులు బలం కాస్త తగ్గుతుంది. ఈ అంకెలు కూడా మంచి ఆకారానికి వేసినవి, మీ పల్చటి బిళ్ళకి పూర్తిగా వర్తించవు. సమేరియం-కోబాల్ట్ అయితే 250 దాటినా చలించదు. కానీ రంగు వేసి చల్లారాక అంటిస్తే ఎన్52యే చాలు కదా.

మోటార్‌వైండర్
ఛార్జ్ అయి వచ్చాక ఒక్క జాగ్రత్త. పంపినప్పుడు గలగలలాడుతూ వెళ్ళిన బిళ్ళలు వచ్చేటప్పుడు ఒకే దొంతరగా అతుక్కుని వస్తాయి. లాగకు, బల్ల అంచున పెట్టి పక్కకి జరిపి ఒక్కోటీ తియ్యి, మధ్యలో చెక్కముక్క పెట్టు. రెండు ఎదురెదురుగా వదిలేస్తే కొట్టుకుని పెచ్చులు లేస్తాయి. కళ్ళజోడు పెట్టుకో.